దుశ్మన్ చేతిలో మన చాబీ

హెచ్‌ఐవీ తారీఖ్‌లో 1986 మరచిపోలేని సాల్. ఆ యేడు మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన ఖూన్ నమూనాల్లో మన ముల్క్‌లో మొదటిసారి హెచ్‌ఐవీ బయటపడింది. అదే యేడు అమెరికాలో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ ఎన్‌ఎఫ్ కప్పా బీ అనే ప్రొటీన్ని కనిపెట్టారు. ఈ రెండు ఖబర్ల మధ్య రిష్తా వుందని అప్పటికి ఎవరికీ తెలీదు.

మన జిస్మ్‌లోని కణాలన్నిట్లో జీన్లు దాదాపు ఒకటే. ఒకటి కంటి కణం, ఇంకొకటి రక్తకణం ఎందుకయ్యాయంటే, ఒక్కోదాంట్లో ఒక్కో రకం జీన్లు మేల్కొంటాయి గనుక. ఎన్‌ఎఫ్ కప్పా బీ అట్లా నిద్రలేపే చాబీ. మర్జ్ వచ్చిపడగానే కణకేంద్రకంలోకి వెళ్ళి హిఫాజత్‌కు కావాల్సిన జీన్లను తెరుస్తుంది.

1987లో గ్యారీ నేబెల్, బాల్టిమోర్ ఖతర్నాక్ సంగతి చెప్పారు. హెచ్‌ఐవీ తాళానికీ ఇదే చాబీ పడుతుంది! టీ కణం క్షయ మీద జంగ్‌కు లేస్తే, అందులో దాక్కున్న దుశ్మన్ కూడా లేస్తాడు. కణం నిద్రపోతే వాడూ నిద్రపోతాడు. నిద్రపోయినవాడి మీద దవా పనిచేయదు. గోలీ జిందగీ అంతా వేసుకోవాలనేది ఇందుకే.

ఇక ఉమర్ సంగతి. రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథి టీ కణాలకు మద్రసా లాంటిది. వయసుతోపాటు అది కుంచించుకుపోతుంది. బుఢాపాలో కొత్త సిపాయీలు తగ్గుతారు, లోపల సన్నని మంట ఆరకుండా వుంటుంది. హెచ్‌ఐవీ వున్నవాళ్ళకు ఈ హాలత్ జల్దీ వస్తుంది. సేన్ తర్వాతి కాలంలో అమెరికా ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధన సంస్థలో రోగనిరోధక కణాల మీదే పనిచేశారు.

ఇది మన గుంటూరు, ప్రకాశం తారీఖ్ కూడా. హెచ్‌ఐవీ ఎక్కువున్న జిల్లాల ఫెహరిస్తులో ప్రభుత్వం ఈ రెంటినీ చేర్చింది. మిర్చి టిక్కీలు, పత్తి బేళ్ళు మోసే లారీలు చిలకలూరిపేట మీదుగా పోయే మద్రాసు-కలకత్తా రోడ్డునే అందరూ బద్నాం చేశారు. గడప దాటని బీవీలకూ మర్జ్ వచ్చింది. శౌహర్ పోతే ఔరత్‌నే ముజ్రిమ్‌ని చేసి వెళ్ళగొట్టిన అత్తిళ్ళున్నాయి.

2004 ఏప్రిల్ 1న సర్కార్ ముఫ్త్ మందులు మొదలుపెట్టింది. ఆ గోలీలతో బతికి, ఇవాళ యాభై దాటినా పత్తి తీతకు, మిరపకోతకు పోతున్న ఆడవాళ్ళున్నారు. గోలీ ఇచ్చి పంపితే సరిపోదు. వాళ్ళ గుండె, ఎముకలు, గుర్దాలు కూడా వేళకు చూడాలి. ఇది ఖైరాత్ కాదు, వాళ్ళ హఖ్.