ఉస్మానియా విశ్వవిద్యాలయము - బోధనభాష - విద్యార్థులు

విశ్వవిద్యాలయముల చరిత్ర వ్రాయునపుడు శాసనములను, భవనములను, ఉపకులపతుల పరంపరను పేర్కొని విరమించుట మనలో పరిపాటియైనది. అట్టి చరిత్రలో విద్యార్థి కేవలము సంఖ్యగా కన్పట్టును: ఇందరు చేరిరి, ఇందరు ఉత్తీర్ణులైరి. కాని విశ్వవిద్యాలయము విద్యార్థిని మార్చునట్లే విద్యార్థియు విశ్వవిద్యాలయమును మార్చును. ఈ పరస్పరపరిణామమునకు మన ప్రాంతమున స్పష్టమైన దృష్టాంతము హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయము. దాని చరిత్రను బోధనభాష యను నొక్క సూత్రమును పట్టుకొని ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

1917 నాటికి హైదరాబాదు సంస్థానమున ఉన్నతవిద్యకు ప్రధానాశ్రయము నిజాం కళాశాల. అది 1887 నుండి మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. బోధన ఆంగ్లమున సాగెడిది. 1917లో అక్బర్ హైదరీ సమర్పించిన విజ్ఞాపనపత్రమును పురస్కరించుకొని నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నూతన విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా జారీచేసెను. అన్యభాషలో చదువుటచే విద్యార్థి శక్తి కంఠస్థము చేయుటయందే వ్యయమగుననియు, స్వతంత్రాలోచన కుంటుపడుననియు నాటి వాదసారము. అందుచే ఉర్దూ బోధనభాషయైనది; ఆంగ్లము నిర్బంధ పాఠ్యాంశముగా నిలిచినది. ఆ సంవత్సరముననే 'దారుల్ తర్జుమా' యను అనువాదసంస్థ ఏర్పడి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకును, పారిభాషికపదములను కల్పించుటకును పూనుకొనెను. వైద్యము, ఇంజనీరింగు సైతము భారతీయభాషలో బోధింపవచ్చునని కార్యరూపమున చూపిన ఘనత ఈ విశ్వవిద్యాలయమునకు దక్కవలెను. దీనిని తక్కువచేసి చూచుట చరిత్రకు న్యాయము కాదు.

అయితే ఈ వాదము రెండంచుల కత్తి. సంస్థాన ప్రజలలో సుమారు సగముమంది తెలుగువారు. మిగిలినవారిలో మరాఠీ, కన్నడము మాటలాడువారే ఎక్కువ. ఉర్దూ మాతృభాషగా గలవారు రమారమి పదింట నొక్కరు. పరభాషలో చదువు విద్యార్థిని కుంటుపరచు ననుట సత్యమైనచో అది తెలుగు విద్యార్థి విషయమునను సత్యమే. పాలకులు ఆంగ్లమునకు ఎదురుగా నిలిపిన సూత్రమే క్రమముగా వారి యేర్పాటునకు ఎదురు ప్రశ్నయైనది. ఒక సంస్థ తన పుట్టుకలో చెప్పుకొనిన న్యాయమే తరువాతివారి చేతిలో ఆయుధమగుట చరిత్రలో అరుదు కాదు.

ఆ ప్రశ్నకు నేల ముందే సిద్ధమై యున్నది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1921 నవంబరులో వివేకవర్ధిని ప్రాంగణమున మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింపగా సభికులు కేకలువేసి అవమానించిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము ఆవిర్భవించెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డి సంపాదకత్వమున 'గోలకొండ పత్రిక' బయలువెడలెను. విశ్వవిద్యాలయములో తెలుగు బోధనభాష కాకపోయినను పాఠ్యాంశముగా ఉండెను. తెలుగుశాఖకు ప్రథమాచార్యులు రాయప్రోలు సుబ్బారావు. నవ్యకవిత్వమునకు ఆద్యుడైన కవి ఉర్దూ విశ్వవిద్యాలయమున తెలుగు చెప్పుచుండెననుట గమనింపదగిన విశేషము. ఆ తరగతిగది చిన్నదే కావచ్చును. కాని తెలుగు విద్యార్థికి తన భాష ఇంటిమాట మాత్రమే కాదనియు, శాస్త్రీయముగా అధ్యయనము చేయదగిన విద్య యనియు నమ్మకము కలుగుటకు అట్టి చోటు ఆవశ్యకము.

1938లో ఈ అంతఃప్రవాహము బహిర్గతమయ్యెను. ఆ సంవత్సరము స్టేట్ కాంగ్రెసు నిషేధింపబడినది. అక్టోబరు 24న సత్యాగ్రహము ప్రారంభమైనది. ఇట్టి వాతావరణమున ఔరంగాబాదు, హైదరాబాదు వసతిగృహములలోని విద్యార్థులు తమ ప్రార్థనలో వందేమాతరము పాడిరి. అధికారులు నిషేధించిరి. విద్యార్థులు గీతమును విడువక తరగతులను విడిచిరి. వరంగల్లు మొదలగు చోట్లకును సమ్మె వ్యాపించినది. ఫలితముగా వందలకొలది విద్యార్థులు బహిష్కృతులైరి.

ఈ ఘట్టమును వర్ణించునపుడు ఉత్సాహము చూపుట సులభము. దాని మూల్యమును లెక్కించుట కష్టము. ఆనాడు గ్రామములనుండి వచ్చి పట్టణమున ఉన్నతవిద్య నభ్యసించు యువకుని వెనుక ఒక కుటుంబపు ఆశ యంతయు నుండెడిది. బహిష్కారమన ఆ ఆశ తెగిపోవుటయే. నాగపూరు విశ్వవిద్యాలయము, దాని ఉపకులపతి టి. జె. కేదార్ ఆ విద్యార్థులకు తలుపు తెరవకున్నచో అనేకుల చదువు అంతటితో ముగిసెడిది. ఒక విశ్వవిద్యాలయము వెలివేసినవారిని వేరొకటి చేర్చుకొనుట కేవలము దయాకార్యము కాదు. విద్యాసంస్థకు ప్రభుత్వాజ్ఞకు మించిన ధర్మమొకటి కలదని అది చాటినది. వరంగల్లునుండి అట్లు నాగపూరు చేరిన విద్యార్థులలో పి. వి. నరసింహారావు ఒకరు.

1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున విలీనమైన తరువాత ఉర్దూ తొలగి ఆంగ్లము బోధనభాషయైనది. ఇక్కడ పరిశోధకులు ఒక్కక్షణము నిలిచి ఆలోచింపవలెను. విద్యార్థులు పోరాడినది ఆంగ్లముకొరకు కాదు. పాత యేర్పాటు కూలినది. కాని 1917 నాటి మూలప్రశ్న, అనగా స్వభాషలో ఉన్నతవిద్య, సమాధానము పొందకయే మిగిలినది. పైపెచ్చు ముప్పది యేండ్లు శ్రమించి నిర్మించిన ఉర్దూ శాస్త్రవాఙ్మయము తరగతిగదికి దూరమైనది. పరివర్తన మనగా పాతదానిని తొలగించుట మాత్రమే కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

తెలుగున పాఠ్యగ్రంథముల నిర్మాణము 1968లో తెలుగు అకాడమి స్థాపనతో వ్యవస్థితరూపము దాల్చెను. అప్పటి విద్యామంత్రి, ఆ సంస్థకు తొలి యధ్యక్షుడు, పి. వి. నరసింహారావే. 1938లో ఒక గీతము పాడినందులకు చదువు కోల్పోయిన విద్యార్థి ముప్పది యేండ్లకు తెలుగు పాఠ్యగ్రంథముల సంస్థకు అధ్యక్షుడగుటను మేము యాదృచ్ఛికముగా తలపము. విద్యార్థిదశలో తగిలిన గాయము తరువాత సంస్థానిర్మాణముగా పరిణమించుట కిది యుదాహరణము.

అయినను భాషయొక్కటియే విద్యార్థుల ప్రశ్న కాదు. 1952లో ముల్కీ నిబంధనల విషయమై విద్యార్థులు వీథులకెక్కగా సెప్టెంబరులో హైదరాబాదున కాల్పులు జరిగి ప్రాణనష్టము కలిగెను. 1969లో ఉద్యోగరక్షణల యమలు కోరి మొదలైన ఆందోళన ప్రత్యేకరాష్ట్రోద్యమమైనది. 2009లో అదే ప్రాంగణము మరల ఆ యుద్యమమునకు కేంద్రమైనది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. ఈ సందర్భములన్నిటను కోరికలు వేరైనను అడిగిన ప్రశ్న యొక్కటియే: ఈ విశ్వవిద్యాలయ మెవరిది? దీనిలో చదివినవానికి దేశమున చోటెక్కడ?

మరియొక విషయమును విస్మరింపరాదు. నిర్బంధమున వచ్చిన ఉర్దూ తెలుగునకు నష్టమునే మిగిల్చినదనుట సరికాదు. పాఠశాలలో ఉర్దూ మాధ్యమమున చదివిన సి. నారాయణరెడ్డి తరువాత ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడై, తెలుగు గజళ్లు రచించెను. నిజాం పాలన నెదిరించి చెరసాల కేగిన దాశరథి గాలిబును తెలుగు చేసెను. పాలకుని నెదిరించుట వేరు, అతని భాషను ద్వేషించుట వేరు అని వీరి జీవితములు బోధించుచున్నవి.

నేటికిని ఉన్నతశాస్త్రములందును వృత్తివిద్యలందును ఆంగ్లమే ప్రధానము. తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థి మొదటి సంవత్సరమున మౌనముగా వెనుకవరుసలో కూర్చుండుటను ఉపాధ్యాయులమైన మేము చూచుచునే యున్నాము. 1917 నాటి విజ్ఞాపనపత్రములోని వాదము ఆ మౌనమున ఇంకను వినవచ్చుచున్నది. తరగతిలోని ఆ మౌనమును అశక్తతగా కాక ప్రశ్నగా గ్రహించి, ఆ విద్యార్థి తన మాటలో ఆలోచించుటకు వలసిన గ్రంథమును, పదమును, అవకాశమును సమకూర్చుట మన విధి. విద్యార్థి వీథికెక్కినపుడే అతనిని వినుట విశ్వవిద్యాలయములకు అలవాటైనది. అంతకు ముందే వినుట నేర్చిననాడు ఈ చరిత్రకు నూతనాధ్యాయము మొదలగును.