తిరగాలె గాని ఎగరొద్దు

మంట కాడికి జరుగు బిడ్డా, ఇయ్యాల చలి గట్టిగనే ఉన్నది. బుల్లెట్ ముచ్చట చెప్పుమని పొద్దటి సంది సతాయిస్తున్నవు గద, చెప్త ఇను.

ఇప్పుడు ఇంటింటికీ బండే. బటన్ ఒత్తితె లేస్తున్నది. గా రోజులల్ల మన వర్ధన్నపేటల బుల్లెట్ ఉన్నోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. పోలీసోళ్లు, కాంట్రాక్టర్లు, నాలుగు పైసలున్న ఆసాములు, అంతే. రాయపర్తి దిక్కు నుంచి బండి వస్తుంటె మలుపు తిరగకముందే సప్పుడును పట్టి అది ఎవరిదో చెప్పేటోళ్లం. ఒక్కో బండిది ఒక్కో గొంతు. ఆ గొంతు సగం సైలెన్సర్‌ది, సగం ట్యాపెట్లది. నేను వరంగల్‌ల మా ఉస్తాద్ కాడ నేర్సుకున్నది ముఖ్యంగ ఈ ట్యాపెట్ల పనే.

బుల్లెట్ పుట్టుక మన దగ్గర కాదు, ఇంగ్లండుల రెడ్డిచ్ అనే ఊర్లె. మన మిలిటరీకి సరిహద్దుల మీద తిరగనీకి గట్టి బండి కావాల్సొచ్చి బుల్లెట్లు తెప్పిచ్చిండ్రు. తర్వాత 1955ల మద్రాసుల ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పెట్టి, తిరువొత్తియూరుల కర్ఖాన కట్టిండ్రు. 1967ల రెడ్డిచ్ కర్ఖాన మూతపడ్డది. మద్రాసుల మాత్రం అదే ఇంజన్ ఏండ్లకేండ్లు తయారైతనే ఉండె. 346 సీసీ, బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. బ్యారెల్ బీడుది, హెడ్డు అల్యూమినియంది. పొడుగు స్ట్రోకు కాబట్టే గా నిదానమైన దుబ్ దుబ్.

పాత జావా, రాజ్‌దూత్ బండ్లకు ఈ ట్యాపెట్ల పనే లేదు. అవి టూ స్ట్రోక్. పిస్టనే కిందికి మీదికి పోయేటప్పుడు దారులు తెరుస్తది, మూస్తది. బుల్లెట్ గట్ల కాదు, ఫోర్ స్ట్రోక్. పెట్రోలు కలిసిన గాలి వచ్చే దారికి ఒక వాల్వు, కాలిన పొగ పోయే దారికి ఇంకో వాల్వు. కింద క్యామ్ తిరిగి ట్యాపెట్‌ను లేపుతది, ట్యాపెట్ పుష్‌రాడ్‌ను లేపుతది, పుష్‌రాడ్ పైన రాకర్‌ను ఎత్తుతది, రాకర్ పోయి వాల్వును ఒత్తుతది. ఇన్ని చేతులు మారే కాడ జెరంత అరిగినా నడుమ సందు పెరుగుతది, టకటక కొట్టుకుంటది. సందు పెరిగితె వాల్వు తెరుసుకోవాల్సినంత తెరుసుకోదు, బండి గుంజదు.

అది చిన్న నష్టం. పెద్ద నష్టం ఇంకోటున్నది.

బండి తెచ్చినోళ్లు అందరూ ఒక్కటే మాట అనెటోళ్లు: “ఉస్తాద్, ఆ టకటక బంద్ కావాలె.” కొందరు మెకానిక్కులు గిరాకిని ఖుష్ చేద్దామని ట్యాపెట్లు బిగగట్టి పంపిచ్చేది. బండి కుట్టు మిషన్ లెక్క మెత్తగ పోతుండె. పదిహేను దినాలు బాగనే నడిచేది.

ఒకసారి తొర్రూరు దిక్కు నుంచి గసోంటి బండే ఒకటి వచ్చింది. మా ఉస్తాద్ కిక్ మీద కాలు పెట్టి ఒత్తిండు. కాలు కింద బరువే లేదు, కిక్కు ఉత్తగనే కిందికి జారిపోయింది. కంప్రెషన్ పోయింది. హెడ్డు విప్పి, ఎగ్జాస్ట్ దారిల కిరసనాయిలు పోసి చూసిండు. నిమిషంల వాల్వు అంచు పొంటి లోపలికి కారింది. వాల్వు తీసి నా అరచేతుల పెట్టిండు. చుట్టూత తెల్లగ మాడి ఉన్నది, ఒక పక్క గోరంత ముక్క అంచే లేదు.

“ఎందుకు కాలింది చెప్పు” అన్నడు. నాకు తెల్వదు. అప్పుడు చెప్పిండు: ఎగ్జాస్ట్ వాల్వు పొద్దంత మంటల్నే ఉంటది. దాని ఒంట్లె వేడి ఎక్కువగ దిగేది హెడ్డుల ఉన్న సీటు మీద కూసున్నప్పుడే. ట్యాపెట్ బిగగడితె అది పూర్తిగ కూసోదు. కూసోకుంటె వేడి దిగదు, పైంగ ఆ వెంట్రుకంత సందుల నుంచి మంట దూరి అంచును కోసుకుంట పోతది. “సప్పుడు చేసే ట్యాపెట్ మనల్ని సతాయిస్తది గంతే, సప్పుడు లేనిది ఇంజన్‌ను తింటది” అన్నడు. అందుకే బిడ్డా, పాత బుల్లెట్ జెర కొట్టుకుంటె భయపడకు. అసలే సప్పుడు లేకుంటె భయపడు.

ఇగ ట్యాపెట్లు కట్టే పద్ధతి. సందెకాడ బండి తెచ్చి “ఇప్పుడే చేసియ్యి” అంటె మా ఉస్తాద్ ముట్టకపోయేది. రాత్రంత దుకాన్ల పెట్టి, తెల్లారి ఇంజన్ రాయి లెక్క సల్లగైనంకనే పానా పట్టేటోడు. ఎందుకంటె, వేడైతె బ్యారెల్, హెడ్డు సాగుతయి, రాకర్ పైకి జరుగుతది, సందు దానంతటదే వస్తది. అందుకే కంపెనీ లెక్క కూడ సల్ల ఇంజన్‌కు సందు సున్న అనే. వేడి మీద సున్న కడితె, సల్లారినంక వాల్వు ఎత్తిపట్టి ఉంటది.

ముందుగాల ప్లగ్ తియ్యాలె. టాప్ గేర్ వేసి, నడిమి స్టాండ్ మీద ఎన్క గీర మెల్లగ తిప్పాలె. ప్లగ్ తూటు మీద వేలు పెడితె, గాలి వేలును బయటికి నూకుతది. అదే కంప్రెషన్. అక్కడి నుంచి పిస్టన్ మొత్తం పైకి వచ్చేదాక తిప్పి ఆపాలె. అప్పుడు రెండు వాల్వులూ మూసుకోని ఉంటయి. ఇది చూసుకోకుంట కడితె పనంత ఆగమే, ఎందుకంటె పిస్టన్ రెండుసార్లు పైకొస్తది, రెండోసారి వాల్వులు జెర తెరుసుకోని ఉంటయి.

కుడిపక్క, బ్యారెల్ మొదట్ల ఒక మూత ఉంటది, నడుమ ఒక్కటే నట్టు. అది తీస్తె పుష్‌రాడ్ల కాళ్లు అగుపడ్తయి. చిన్న పానాలు మూడు కావాలె. ఒకటి ట్యాపెట్‌ను పట్టనీకి, ఒకటి లాక్ నట్టుకు, ఒకటి పైన అడ్జస్టర్‌కు. ఆ ఇరుకుల మూడు పానాలు రెండు చేతులతోని పట్టుడు నేర్వనీకే నాకు చాన దినాలు పట్టింది.

గేజు అవసరం లేదు. బొటనవేలు, చూపుడువేలు నడుమ పుష్‌రాడ్‌ను దీపం వత్తి చేసినట్టు తిప్పి చూడాలె. సులువుగ తిరగాలె. కిందికి మీదికి ఊపి చూస్తె మాత్రం కదలొద్దు. తిరిగితె వాల్వు కూసున్నట్టు, ఎగరకుంటె సందు లేనట్టు. ఈ రెండు ఒక్క కాడ కలిసే జాగ చాన సన్నది. అది దొరికిందనుకోని లాక్ నట్టు బిగిస్తవు, అడ్జస్టర్ దాంతోని పాటే తిరిగి మళ్ల బిగుసుకుంటది. అందుకే నట్టు బిగిచ్చినంక ఇంకోసారి తిప్పి చూడాలె. మా ఉస్తాద్ నేను కట్టిన ప్రతి బండి తాను మళ్ల తిప్పి చూసేది. కొన్నిటిని ఏమనకుంట విప్పేది, నేను మళ్ల కట్టేది.

2009 తర్వాత బుల్లెట్లల్ల హైడ్రాలిక్ ట్యాపెట్లు వచ్చినయి. లోపలి ఆయిల్ ఒత్తిడే సందును చూసుకుంటది. మంచి పనే అది, ఎన్ని వాల్వులు బతికినయో. గేర్ కూడ కుడికాలు నుంచి ఎడమ కాలుకు పోయింది. కాని కొట్టంల ఉన్న మన బండి పాతది, దానికి వేళ్లే కావాలె.

రేపు పొద్దుగాల్ల నువ్వే కట్టు, నేను పక్కన కూసుంట. మూత నట్టు మాత్రం బలం కొద్ది బిగియ్యకు, మూత వంగి ఆయిల్ కారుతది. పానాలు గోడ అరల ఉన్నయి. తాళంచెవి నా కాడనే ఉంచుకుంట, లేవంగనే స్టార్ట్ చేస్తివంటె ఇంజన్ సల్లారనీకి మళ్ల మాపటిదాక ఆగాలె.