తాడి చెట్టు ఎవరిది?

తెలుగు నేలపై తాడి చెట్టును పనిగట్టుకొని తోటగా పెంచినవారు తక్కువ. చేను గట్లు, చెరువు కట్టలు, ఊరి బంజర్లు దానికి నెలవులు కాగా, రాలిన చోటనే మొలిచినవో, తేగల కోసం పాతరవేసిన టెంకల్లో మిగిలిపోయినవో పెరిగి పెద్దవై చెట్లయ్యాయి. మొలిచినది గెలలు మాత్రమే వేసే పోతుతాడో, కాయలు కాసే పెంటితాడో తేలడానికే సుమారు 12 నుంచి 15 ఏళ్లు పడుతుంది. అంతకాలం నీరూ ఎరువూ అడగకుండా పెరిగిన ఆ చెట్టుకు, పూత పట్టగానే హక్కుదారులు బయలుదేరుతారు: గట్టు తనదనే రైతు, ఊరు తనదనే దొర, పన్ను తనదనే ప్రభుత్వం, వీరందరి వెనుక చెట్టెక్కే గీత కార్మికుడు.

చెట్టు బాగోగులు నిజంగా తెలిసినది ఆ చివరివాడికే. గౌడ, ఈడిగ, శెట్టిబలిజ, యాత వంటి పేర్లతో ప్రాంతానికొక తీరున పిలిచే కులాలవారు తరతరాలుగా ఈ విద్యను కాపాడారు. మోకు అనే తాడును మానుకు చుట్టి, దాని బలంపై నడుమును ఆనించి పైకి చేరిన కార్మికుడు, ఎండిన మట్టలు తొలగించి, లేత గెలలను మృదువుగా నొక్కి, కట్టగా కట్టి, కొసను పలుచగా చెక్కి కింద లొట్టి, అంటే కల్లుకుండ, తగిలిస్తాడు. పూటపూటకూ కొత్త కోత పెట్టకపోతే కొస ఎండి రసం ఆగిపోతుంది. కోత మందమైతే గెల త్వరగా అరిగిపోతుంది. ఈ రెంటి మధ్య కత్తి నడపడమే నేర్పు. లొట్టి లోపల సున్నం పూస్తే రసం పులియదు. దానిని కాచి బెల్లం తీస్తారు.

ఈ చెట్టు విలువ కల్లుతోనే ముగియలేదు. ఇంటి కప్పుకు ఆకు, దూలానికి మాను, ఆకలికి ముంజలు, తేగలు అందించిన తాడి, శతాబ్దాలపాటు గంటం గీతలకు తాళపత్రమై గ్రంథాలనూ మోసింది. సామర్లకోటలో ఉండి గోదావరి ప్రాంతపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బరో, 1795లో మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం తొలి సంపుటంలోనే దీనికి చోటిచ్చాడు. మట్టల మొదళ్ల నుంచి తీసిన నార 19వ శతాబ్దం చివరినాటికి కాకినాడ రేవు నుంచి బ్రష్షుల తయారీకి విదేశాలకు వెళ్లేది.

ప్రభుత్వాల చూపు మాత్రం లొట్టిపైనే నిలిచింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం, అంటే మత్తు పానీయాల తయారీ, అమ్మకాలపై పన్నుకు సంబంధించిన శాసనం, కల్లును సర్కారు అదుపులో బిగించగా, క్రమంగా గీసే ప్రతి చెట్టుకూ గుర్తు వేసి పన్ను వసూలుచేసే విధానం స్థిరపడింది. చెట్టు ఎంత పారినా పన్ను మారదు గనుక, ఆ భారం చెట్టుకు ఇచ్చే విశ్రాంతి రోజులపైనా, కార్మికుడి ఒంటిపైనా పడిందనడం అతిశయోక్తి కాదు. 1937లో సేలంలో ఆరంభమైన మద్యనిషేధం మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు పాకినప్పుడు, నీతి పేరిట జరిగిన ఆ మార్పు ముందుగా ఉపాధి తీసినది చెట్టెక్కేవారికే. తాటి బెల్లం ప్రత్యామ్నాయమని చెప్పినా, కట్టెలకయ్యే ఖర్చు, ఉడకబెట్టే శ్రమ, కల్లుతో పోలిస్తే తక్కువ రాబడి దానిని అందరికీ ఆధారం కానివ్వలేదు.

నిజాం రాజ్యంలో భూమి శిస్తు తరువాత అబ్కారీ ముఖ్యమైన ఆదాయాల్లో ఒకటి. గీత హక్కులను వేలంలో పాడుకున్న గుత్తేదారులు, గ్రామాల్లో దొరలు నడుమ నిలవడంతో, చెట్టును బతికించే మనిషి దానిని గీయడానికి మరొకరి దయపై ఆధారపడవలసివచ్చింది. అందుకే సూర్యాపేట ప్రాంతానికి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం వంటి నాయకులు గీత కార్మికులను కూడగట్టి, గీసేవాడికే చెట్టు అన్న డిమాండును ముందుకు తెచ్చారు. దున్నేవాడికే భూమి అన్న మాటకు ఇది నకలు కాదు. భూమిలేనివాడు, మరొకరి గట్టుపై ఉన్న చెట్టుపై శ్రమ ద్వారా ఏర్పడిన హక్కును అడగడం ఇందులోని విశేషం.

సహకార సంఘాల ద్వారా ఆ కోరిక కొంత నెరవేరినా, ఇటుక బట్టీలకూ, ఇళ్ల స్థలాలకూ చెట్లు కూలిపోతుండగా, మోకు జారి ప్రాణాలు పోయే వృత్తిలోకి పిల్లలను పంపడానికి తల్లిదండ్రులు వెనుకాడుతున్నారు. రంపచోడవరం సమీపంలోని పందిరిమామిడి పరిశోధన కేంద్రం తాటి రకాలపై పనిచేస్తోంది. హైదరాబాద్‌లో 2023లో నీరా, అంటే పులియని రసం, అమ్మకానికి ప్రత్యేక కేంద్రం తెరిచారు. అయితే నేడు నాటిన టెంక గీతకు రావడానికి ఇప్పటికీ 12 ఏళ్లకు తక్కువ పట్టదు.