పాత ఇంటి సామానుతో చిన్న ఇల్లు: ఏది దాచుకోవాలి, ఏది వదిలేయాలి?

తాతల నాటి పెంకుటిల్లు వాటాలకు వచ్చినప్పుడు చాలా కుటుంబాల్లో కథ ఒకేలా నడుస్తుంది. నలుగురి మధ్య విడిపోయాక ఒక్కొక్కరికి నలభై గజాలో, యాభై గజాలో మిగులుతుంది. కూల్చడానికి ఓ కాంట్రాక్టర్ వస్తాడు. "మలబా మొత్తం నేనే ఎత్తుకుపోతా, మీరు పైసా ఇవ్వక్కర్లేదు" అంటాడు. అందరూ సరే అంటారు. రెండు రోజుల్లో టేకు తలుపులు, దూలాలు, షాబాద్ బండలు లారీ ఎక్కి వెళ్ళిపోతాయి. మూడు నెలల తర్వాత అదే కుటుంబం కొత్త తలుపుల దుకాణంలో చౌకట్ ధర విని నోరెళ్ళబెడుతుంది. ఉచితంగా ఇచ్చేసిన సామాను విలువ అప్పుడు తెలుస్తుంది.

పాత సామానుతో చిన్న ఇల్లు కట్టుకోవడం కొత్త విషయమేమీ కాదు. మన పెద్దలు అలాగే కట్టుకున్నారు. అయితే పాతది కదా, చవక కదా అని అన్నిచోట్లా వాడితే ఇల్లే ప్రమాదంలో పడుతుంది. గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే: బరువు మోసేది, కరెంటు మోసేది, నీళ్ళు మోసేది కొత్తది కొనాలి. మిగతాది పాతది చూసుకోవచ్చు. ఇటుక మాత్రం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, దాన్ని పరీక్షించి వాడాలి.

నలభై గజాల్లో ఏం పడుతుంది?

ఒక గజం అంటే 9 చదరపు అడుగులు. నలభై గజాలంటే 360. ఉదాహరణకు స్థలం 15 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు ఉందనుకుందాం. ముందు 5 అడుగులు ఖాళీ వదిలితే కట్టడానికి 15 × 19 అడుగులు మిగులుతుంది. బయటి గోడలు 9 అంగుళాలు పోగా లోపల పదమూడున్నర అడుగుల వెడల్పు, పదిహేడున్నర అడుగుల లోతు వస్తుంది. ముందు పది అడుగుల లోతున ఒక పెద్ద గది, దాని వెనుక 8 × 7 అడుగుల వంటగది, పక్కనే 5 × 7 అడుగుల స్నానాల గది, మరుగుదొడ్డి సరిపోతాయి. స్నానాల గది పైన అటక వేస్తే పరుపులు, పెట్టెలు, రంజాన్, పెళ్ళిళ్ళప్పుడు బయటికి తీసే పెద్ద దేగ్చీలు అక్కడికి వెళ్ళిపోతాయి. మెట్లు ముందు ఖాళీలో పెట్టుకుంటే లోపలి జాగా పోదు.

వెనుక, పక్కన ఇళ్ళు ఆనుకుని ఉంటే గాలి, వెలుతురు ఎక్కడి నుంచి వస్తాయో ముందే తేల్చుకోవాలి. చిన్న ఇంట్లో పెద్ద లోపం ఇరుకు కాదు, చీకటి. ఆ తర్వాత చెమ్మ.

కూల్చే ముందు

ముందుగా వాటాదారులంతా కూర్చుని సామాను జాబితా రాసుకోవాలి. తలుపులు ఎన్ని, కిటికీలు ఎన్ని, దూలాలు, వాసాలు, బండలు ఎన్ని, దేనికి ఎంత విలువ కట్టాలి అన్నది కాగితం మీద ఉండాలి. ఆ ఇంట్లో అక్కచెల్లెళ్ళకూ వాటా ఉందన్న సంగతి సామాను దగ్గర చాలామంది మరచిపోతారు. గోడలు పంచుకున్నట్టే గుమ్మాలూ పంచుకోవాలి. తర్వాత మనసులు విరిగేది ఇలాంటి చిన్న విషయాల దగ్గరే.

విప్పే పనికి ఒక వరుస ఉంది. మొదట కరెంటు కనెక్షన్, నల్లా కనెక్షన్ తీయించాలి. తర్వాత తలుపులు, కిటికీలు, గ్రిల్స్. ఆ తర్వాత పెంకులు, వాసాలు, దూలాలు. చివరికి గోడలు, అదీ పైనుంచి కిందికి. గోడను కింద తవ్వి పడగొడితే ఇటుకలు ముక్కలవుతాయి, మనుషులకూ ప్రమాదం. విప్పడానికి కూల్చడం కన్నా నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది, కూలీ కూడా ఎక్కువే. ఆ ఖర్చును తలుపుల విలువతో పోల్చి చూసుకోండి. టేకు ఉన్న ఇల్లయితే సాధారణంగా విప్పడమే లాభం.

ఏది ఎలా పరీక్షించాలి?

కలప: పాత టేకు ఎండి, సాగి, ముడుచుకుని స్థిరపడిన కలప. కొత్త కలపలా వంకర తిరగదు. స్క్రూడ్రైవర్ మొనతో చౌకట్ అడుగు భాగం, మూలలు గుచ్చి చూడండి. మొన సులువుగా దిగితే లోపల చెదలో, చీకుడో ఉన్నట్టు. వేలితో తడితే డొల్ల శబ్దం వచ్చినా అంతే. ఒక్క అడుగు భాగమే పాడైతే ఆ మేర కోసేసి కింద రాయి పెట్టించొచ్చు. పాత మేకులన్నీ తీశాకే రంపానికి ఇవ్వాలి.

పాత ఇళ్ళ తలుపులు పొట్టిగా ఉంటాయి. ఐదున్నర అడుగుల తలుపు దొరికితే పారేయొద్దు. పైన జాలీ వెంటిలేటర్ పెట్టి గుమ్మం ఎత్తు పెంచుకోవచ్చు, గాలి కూడా వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం: తలుపులు, కిటికీలు ముందు చేతికి రావాలి, గోడలు తర్వాత లేవాలి. గోడలో ఖాళీ వదిలేసి దానికి సరిపడే పాత తలుపు కోసం బజారంతా తిరిగితే దొరకదు.

పాత రంగు విషయంలో జాగ్రత్త. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువ ఉండే అవకాశం ఉంది. ఎండుగా గీకితే లేచే పొడి పిల్లలకు, గర్భిణులకు హాని. తడిపి గీకాలి, మూతికి మాస్కు కట్టుకోవాలి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు.

ఇటుక: డంగు సున్నంతో కట్టిన గోడల ఇటుక మేలు. సున్నం సులువుగా రాలిపోతుంది. సిమెంటుతో కట్టిన ఇటుకను శుభ్రం చేయబోతే సగం విరిగిపోతుంది. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే గణగణమనాలి. మూడు నాలుగు అడుగుల ఎత్తు నుంచి నేల మీద వేస్తే పగలకూడదు. గోటితో గీస్తే గీత పడకూడదు. ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి తూస్తే, పొడి బరువులో ఐదో వంతుకు మించి నీరు పీల్చకూడదు. స్నానాల గది గోడల్లో ఉప్పు తేలిన ఇటుకను కొత్త ఇంట్లో పెట్టొద్దు, ఆ ఉప్పు మళ్ళీ బయటికి వస్తుంది. పరీక్షలో నెగ్గిన ఇటుకైనా ఒక్క అంతస్తు గోడలకే మంచిది. నెగ్గనిది ముక్కలు చేసి నేల కింద పరుపుకు వాడేయండి.

బండలు: షాబాద్, తాండూరు, కడప, బేతంచెర్ల బండలు ఎన్నేళ్ళయినా పనికొస్తాయి. మళ్ళీ పాలిష్ పెట్టిస్తే కొత్త బండకు తీసిపోవు. పగిలినవి చిన్న చదరాలుగా కోయించి స్నానాల గదికో, ముంగిలికో వేయొచ్చు. కడప బండ వంటగట్టుకు, గోడ అలమారా అరలకు బాగుంటుంది. ఇవన్నీ సున్నపురాయి జాతి. నిమ్మరసం, వెనిగర్, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పడితే మెరుపు పోయి మచ్చ పడుతుంది.

పెంకులు: మనం బెంగుళూరు పెంకులు అని పిలిచేవి నిజానికి మంగుళూరు పెంకులు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో ఈ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. పగుళ్ళు లేని పాత పెంకు మీద నీళ్ళు పోసి చూడండి. అడుగున చుక్క కారకపోతే మళ్ళీ కప్పుకు పనికొస్తుంది.

ఇనుము: గ్రిల్స్, గేట్లు, మెట్ల రెయిలింగ్ తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి వాడుకోవచ్చు. స్లాబులోంచి తీసిన చువ్వలు మాత్రం వద్దు. ఒకసారి వంగి, మళ్ళీ సాఫు చేసిన చువ్వ అక్కడే బలహీనపడుతుంది. తుప్పు పట్టి ఎంత సన్నబడిందో కంటికి తెలియదు.

పైసా మిగిల్చినా వద్దనాల్సినవి

పాత కరెంటు వైర్లు, స్విచ్‌లు, మెయిన్ బోర్డు వద్దు. ఐఎస్ఐ గుర్తున్న కొత్త వైరు, సరైన ఎర్తింగ్, షాక్ కొట్టగానే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ తప్పనిసరి.

పాత నీళ్ళ పైపులు, డ్రైనేజీ పైపులు గోడలో పెట్టొద్దు. లీకైతే గోడ పగలగొట్టాలి. పాత వాష్‌బేసిన్ పగుళ్ళు లేకపోతే పర్లేదు.

సిమెంటు రేకులు చాలా వరకు ఆస్బెస్టాస్ కలిసినవే. పాత రేకును కోసినా, రంధ్రం చేసినా, పగలగొట్టినా కంటికి కనిపించని నార గాల్లో కలుస్తుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాటిని తడిపి, పగలకుండా దించి దూరం పెట్టడమే మంచిది.

ఎవరి ఇంట్లోనో మిగిలిన సిమెంటు బస్తా ఇస్తామన్నా తేదీ చూడండి. మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది. గడ్డ కట్టినది అసలే వద్దు.

బేకర్ చూపిన దారి

ఈ పనిని ఒక పద్ధతిగా చేసి చూపించిన మనిషి లారీ బేకర్. 1917లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. కుష్ఠు రోగుల ఆసుపత్రుల పని మీద మన దేశం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. తిరువనంతపురంలో పేదలకూ, సంస్థలకూ తక్కువ ఖర్చుతో ఎన్నో కట్టడాలు కట్టారు. ఐదు మైళ్ళ లోపల దొరికే సామానుతో ఇల్లు కట్టాలన్న గాంధీ మాట తనకు దారి చూపిందని చెప్పుకునేవారు. 1990లో పద్మశ్రీ అందుకున్నారు, 2007లో కన్నుమూశారు. పాత తలుపులు, విరిగిన పెంకులు ఆయన ఇళ్ళలో దర్జాగా కనిపిస్తాయి.

ఆయన ప్రచారంలోకి తెచ్చిన మూడు పద్ధతులు మన చిన్న ఇంటికి బాగా పనికొస్తాయి.

మొదటిది ర్యాట్ ట్రాప్ గోడ. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కడతారు. గోడ మందం 9 అంగుళాలే, కానీ ఇటుక సుమారు పావు వంతు మిగులుతుంది. మనం అనుకున్న ఇంటికి బయటి గోడలు పదడుగుల ఎత్తుకు, తలుపులు, కిటికీలు తీసేస్తే దాదాపు 570 చదరపు అడుగులు. మామూలు పద్ధతిలో సుమారు 5,000 ఇటుకలు కావాలి. ఇలా కడితే 1,250 దాకా మిగులుతాయి. మధ్యలో ఖాళీ ఉండటం వల్ల ఎండ వేడి కూడా లోపలికి తక్కువగా దిగుతుంది. ఇటుక అంచులు సరిగ్గా ఉండాలి, పని తెలిసిన మేస్త్రీ ఉండాలి. మూలలు, కిటికీ అంచులు మాత్రం గట్టిగా నింపి కట్టాలి.

రెండోది ఫిల్లర్ స్లాబు. స్లాబు కింది భాగంలో చువ్వల మధ్య పాత పెంకులు పెడతారు. అక్కడ కాంక్రీటుకు పెద్ద పని ఉండదు కాబట్టి ఆ మేరకు సిమెంటు, కంకర మిగులుతాయి, స్లాబు బరువు తగ్గి ఇనుమూ కలిసొస్తుంది. పెంకులు ముందే నానబెట్టాలి. బరువు మోసేది చువ్వా, కాంక్రీటే. పెంకు ఖాళీ నింపేది మాత్రమే. అందుకే చువ్వల లెక్క ఇంజనీర్ వేయాలి, మేస్త్రీ అంచనాకు వదలొద్దు.

మూడోది జాలీ గోడ. ఇది మనకు పరాయిది కాదు. ఇటుకల మధ్య సందులు వదిలి కడితే కిటికీ ఖర్చు లేకుండా గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, వీధిలోంచి లోపలికి కనపడదు. గల్లీ ఇరుకుగా ఉన్నచోట పర్దాకు పర్దా, గాలికి గాలి.

లెక్క ఎలా చూసుకోవాలి?

పాత సామాను ధర అంటే దుకాణంలో చెప్పిన ధర కాదు. కొన్న ధర, ట్రాలీ కిరాయి, శుభ్రం చేసే కూలీ, వడ్రంగి మరమ్మతు, పోయే ముక్కలు కలిపాక వచ్చేదే అసలు ధర. ఆ మొత్తం కొత్త సామానుకు దగ్గరగా ఉంటే కొత్తదే తీసుకోండి. సాధారణంగా టేకు, బండలు, గ్రిల్స్ దగ్గర లాభం కనిపిస్తుంది. బయటి నుంచి కొన్న పాత ఇటుక దగ్గర చాలాసార్లు ఏమీ మిగలదు.

కొన్నప్పుడు రసీదు తప్పక తీసుకోండి. దొంగ సామానని తర్వాత తేలితే మెడకు చుట్టుకుంటుంది. తెచ్చిన కలపను నేలకు ఆనకుండా రాళ్ళ మీద, నీడలో పేర్చండి. బడ్జెట్‌లో పదో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. పునాది తవ్వాక నల్లరేగడి బయటపడితే ఆ డబ్బే ఆదుకుంటుంది. పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే ఇంజనీర్‌కు చెప్పండి, పునాదిని తర్వాత మార్చలేం.

పనికిరాని మలబాను నాలాలో పోయొద్దు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడలో నిర్మాణ వ్యర్థాలను మళ్ళీ కంకరగా, ఇసుకగా మార్చే కేంద్రాలు ఉన్నాయి.

అనుమతి సంగతి

తెలంగాణ పట్టణాల్లో 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించకుండా కింద ఒకటి, పైన ఒకటి కట్టుకోవడానికి 2020 నాటి బీపాస్ చట్టం ప్రకారం అనుమతి అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. కానీ తప్పుడు వివరాలు ఇస్తే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. కాబట్టి వాటా పత్రాలు సరిచేసుకున్నాకే నమోదు చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీ వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శిని ముందుగా కలవండి.

ఇక మీ ఇల్లు కూల్చే రోజు కాంట్రాక్టర్ వచ్చి "అంతా నేనే ఎత్తుకుపోతా" అంటే, ముందు జాబితా తీయండి. తలుపులు, బండలు, గ్రిల్స్ ఒక పక్కకు పెట్టించండి. తాత చేయించిన గుమ్మం మనవడి ఇంటికి నిలబడగలిగితే, దాన్ని లారీ ఎక్కించాల్సిన పని లేదు.