ప్రసవ వేదన – సింప్సన్ చదివిన ఆదికాండము



బైబిలు దగ్గరుంటే ఆదికాండము 3:16 తెరవండి. నొప్పులు పడే స్త్రీతో "ఇది హవ్వ నుండి వచ్చినదమ్మా, ఓర్చుకోవాలి" అని చెప్పడానికి మనవాళ్లు చూపించే వచనమిది. నేనూ చూపించాను.

స్కాట్లాండు దేశంలోని ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే ప్రసూతి వైద్యాచార్యుడు ఉండేవాడు. రొట్టెలు కాల్చి అమ్మేవాని కుమారుడు. 1847 జనవరిలో, కటి ఎముకలు వంకరపోయి కాన్పు కష్టమైన ఒక స్త్రీకి ఆయన ఈథర్ ఇచ్చి పురుడు పోశాడు. ఇంతకంటె మంచి మందు కావాలని వెదుకుతూ, నవంబరు 4 రాత్రి తన ఇంటిలోనే ఇద్దరు సహాయకులతో కలిసి క్లోరోఫారం పీల్చాడు. ముగ్గురూ స్పృహ తప్పి పడిపోయారు! కొద్ది రోజులకే దానిని ప్రసవాలలో వాడాడు.

దేవుడు నియమించిన వేదనను మనుష్యుడు తీసివేయవచ్చునా అన్న ప్రశ్న వచ్చింది. డిసెంబరులోనే సింప్సన్ దానికి జవాబుగా ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. ఆ వచనంలోని హెబ్రీ మాటకు శ్రమ, కష్టము అనే అర్థముందని వాదించాడు. మన తెలుగు బైబిలులో కూడా చూడండి: 16వ వచనంలో స్త్రీకి చెప్పిన "ప్రయాసము" అనే మాటే 17వ వచనంలో ఆదాముకూ ఉంది. ముండ్లతుప్పలు పెరికి, ఎడ్లను కట్టి తన ప్రయాసము తగ్గించుకొనే రైతును ఎవరూ తప్పుపట్టరే! ఆదాము ప్రక్కటెముక తీయక ముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేశాడని 2:21ని కూడా ఆయన చూపించాడు.

సంఘాలన్నీ సింప్సన్ మీద లేచాయని మనం ప్రసంగాల్లో చెబుతుంటాం. చరిత్రకారులు వెదికితే అంత వ్యతిరేకత కనబడలేదు. అభ్యంతరాలు వైద్యులలోనే ఎక్కువ. వారి భయం ఊరకే కాదు. 1848 జనవరిలో కాలిగోరు తీయించుకొన వచ్చిన 15 ఏళ్ల బాలిక ఆ మందుతోనే మరణించింది. 1853 ఏప్రిల్‌లో విక్టోరియా రాణి ఎనిమిదవ కాన్పుకు జాన్ స్నో అనే వైద్యుడు చేతిరుమాలు మీద కొద్దికొద్దిగానే ఇచ్చాడు. ఇప్పుడు కాన్పులలో క్లోరోఫారం వాడరు.

ఆ "ఓర్చుకో" మాత్రం పోలేదు. కొన్నేళ్ల క్రితం ఒక గర్భిణి ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు. అవి రక్తపోటు పెరిగిన గుర్తులనీ, ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయనీ నాకు తెలియదు. ఓర్చుకోమని చెప్పి, ప్రార్థించి వచ్చేశాను. ఆమె అత్తగారు నా మాట వినలేదు. ఆ రాత్రే ఆటో పిలిపించింది. దారిలోనే ఫిట్స్ వచ్చాయి. దేవుని కృపను బట్టి తల్లీ బిడ్డా బ్రదికారు.

రెండవ కాన్పుకు ముందు మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. మొదట ఆస్పత్రి కార్డు తెమ్మని బి.పి. ఎంతుందో చూశాను. రాత్రివేళ వచ్చే ఆటో ఎవరిది, అవసరమైతే రక్తమిచ్చేది ఎవరు అని అడిగాను. అత్తగారు అన్నీ వరుసగా చెప్పింది. అప్పుడు ప్రార్థించాము.