కాలేజీ మారాలా, మళ్లీ మొదటి ఏడాదిలో చేరాలా? టీసీ అడిగే ముందు తెలుసుకోవాల్సినవి

చేరిన కాలేజీలో కొనసాగలేని పరిస్థితి చాలామందికి ఎదురవుతుంది. హాస్టల్ దొరకదు, కోర్సు నచ్చదు, కులం పేరుతో అవమానాలు ఆగవు. కారణం ఏదైనా దారులు రెండే: చదివిన ఏడాదిని నిలబెట్టుకుంటూ బదిలీ కావడం, లేదా మళ్లీ మొదటి ఏడాదిలో చేరడం. అందరూ ముందు సీటు గురించే ఆలోచిస్తారు. స్కాలర్‌షిప్ సంగతి టీసీ చేతికొచ్చాక గుర్తొస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే మన పిల్లలు ఈ వరుస మార్చుకోవాలని మేము చెబుతున్నాం.

బదిలీ అయితే

ఏడాది వృథా కాదు. కానీ అవతలి కాలేజీలో ఆ ఏడాదికి ఖాళీ ఉండాలి. సాధారణంగా రెండు కాలేజీల ఎన్‌వోసీ, యూనివర్సిటీ అనుమతి కావాలి. యూనివర్సిటీ మారితే సిలబస్ తేడా ఉన్న పేపర్లు అదనంగా రాయాల్సి రావచ్చు. యూజీసీ 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో క్రెడిట్లు భద్రంగా ఉంటాయి. అంతమాత్రాన కొత్త కాలేజీలో సీటు వస్తుందని కాదు.

మళ్లీ చేరితే

ఏడాది పోతుంది. బదులుగా దోస్త్, ఈఏపీసెట్ వంటి కౌన్సెలింగ్‌లలో 15 శాతం ఎస్సీ రిజర్వేషన్ వర్తిస్తుంది. బదిలీలో ఖాళీనిబట్టే సీటు కాబట్టి ఆ ధీమా ఉండదు. ఒక జాగ్రత్త: తొందరపడి మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.

స్కాలర్‌షిప్ మెలిక

ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా కోర్సు గానీ కాలేజీ గానీ మారితే స్కాలర్‌షిప్ రద్దు చేయవచ్చు. ఇచ్చిన సొమ్మును తిరిగి వసూలు చేసే అధికారం కూడా ఉంది. ఏడాది మధ్యలో మానేసినా ఇదే ప్రమాదం. అంటే రెండు దారుల్లోనూ అనుమతి కాగితమే కీలకం. డిగ్రీ పూర్తిచేసి అదే స్థాయిలో ఇంకో డిగ్రీ చదివేవారికి, అంటే బీఏ తర్వాత బీకాంలో చేరేవారికి, ఈ పథకం వర్తించదు. మధ్యలో మారేవారి పరిస్థితి వేరు. వారికి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు.

సర్టిఫికెట్లు

రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదని విద్యార్థి సర్టిఫికెట్లు ఆపే కాలేజీలు ఉన్నాయి. ఒరిజినల్ మెమోలు, కుల ధ్రువపత్రం కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 నోటిఫికేషన్ స్పష్టంగా చెబుతోంది. అది చూపించి రాతపూర్వకంగా అడగండి.

వివక్షే కారణమైతే

మౌనంగా వెళ్లిపోతే రికార్డులో అది మీ సొంత నిర్ణయంగానే మిగులుతుంది. యూజీసీ 2012 సమానత్వ నిబంధనల ప్రకారం వివక్ష నిరోధక అధికారికి ముందే ఫిర్యాదు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. అనుమతి కోరే దరఖాస్తుకు ఆ ప్రతిని జతచేయండి.

వరుస ఇలా

మొదట కొత్త సీటు ఖాయం చేసుకోవాలి. తర్వాత జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి అనుమతి తీసుకోవాలి. ఈపాస్ లేదా జ్ఞానభూమిలో పాత కాలేజీ వివరాలు మారాయో లేదో చూసుకోవాలి. టీసీ అన్నిటికన్నా చివర. ఈ వరుస తప్పితే పోయేది ఒక్క ఏడాదే కాదు, ఆ పిల్లల చదువే ఆగిపోవచ్చు.