పుంటికూర కట్ట

తెల్లారుజాము నాలుగున్నర. బోయిన్‌పల్లి మార్కెట్ యార్డు. చెప్పు బురదలో దిగబడుతోంది. ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టి, ఇంకో చేత్తో పుంటికూర కట్ట ముక్కు దగ్గర పెట్టుకున్నావు. పుల్లటి వాసన, వేళ్లకు తడి. నిన్నటిది కాదు. తీసుకో.

చుట్టూ చూడు. వేలంపాట పాడేది మగవాళ్లు. కాంటా దగ్గరా, ఆటో హ్యాండిల్ మీదా వాళ్లే. ఉల్లి, ఆలుగడ్డ బస్తాలు కొనేదీ ఎక్కువగా వాళ్లే. అవి ఇవాళ పోకపోతే రేపు పోతాయి. ఆకుకూరల దగ్గర మాత్రం కొంగు నడుముకు దోపుకున్న ఆడవాళ్లే. పెట్టుబడి కొద్దిగా చాలు, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఇల్లు చేరొచ్చని నీకూ చెప్పారు. ఎండ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఏడింటికి బొల్లారం బజార్. పట్టా పరిచి నీళ్లు చిలకరిస్తావు. పాలకూర, తోటకూర, గంగవాయిలి, పుంటికూర.

"పదికి ఎన్ని కట్టలమ్మా?"

బోణీ బేరం. కాదనకు.

పుంటికూర పుట్టిల్లు ఆఫ్రికా. నైరోబీ సంతల్లోనూ ఆకుకూరల ముందు ఇలాగే ఎక్కువగా ఆడవాళ్లే కూర్చుంటారు. గిరాకీ పెరిగి లాభం కనబడితే అక్కడా మగవాళ్లు దిగుతారు.

పదకొండు. ఆకుల అంచులు ముడుచుకుంటున్నాయి. ధర తగ్గిస్తావా? ఇంకో చెంబు నీళ్లు చల్లి ఆగుతావా? సాయంత్రం గిరిగిరి అప్పు కిస్తీ ఉంది. యార్డులో మిగిలిపోయిన కూరగాయలతో కరెంటు తీస్తారు, రోజుకు దాదాపు 10 టన్నులతో. నీ దగ్గర మిగిలితే మేకల పాలు.

"అక్కా, లారీ!"

సరుకు ఎత్తుకుపోయే లారీ. పక్కామె అప్పటికే లేచింది. పట్టా కొసలు పట్టు. లాగు. బరువు. లేవట్లేదు. బూట్ల చప్పుడు. నీ గంప మీద ఎవరిదో చెయ్యి. పరిగెత్తాలా? వదిలెయ్యాలా? అడగాలా?

అడిగే హక్కు ఉందా? ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఇచ్చింది. సరుకు పట్టుకుంటే జాబితా రాసి, సంతకం పెట్టి నీ చేతికివ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి.

"సార్, రాసియ్యండి."

నోరు ఎండిపోతోంది. మాట బయటికి రాలేదు. మళ్లీ అను.

"రాసియ్యండి సార్."

ఆయన ఆగాడు. నీ వేళ్లు గంప అంచు వదల్లేదు. ఎండ నడినెత్తికి వస్తోంది. పాలకూర వాడిపోతోంది.